కణుపు తెలిసిన చేతులు

మైలవరంలో ఏ వంటింటి గట్టు మీదైనా సీసా నీళ్లలో నాలుగు కాడలు కనిపిస్తే, అది అలంకారమని అనుకోకండి. అది మన ఆడవాళ్ల పనితనం.

పుదీనా దూసేటప్పుడే చిగురున్న గట్టి కాడలు ఏరి పక్కన పెడతారు. కణుపుకు కాస్త కిందగా కోసి, అడుగు ఆకులు తుంచేస్తారు. మునిగిన ఆకు కుళ్లుతుంది, మునగాల్సింది కణుపే. చిగురులో పుట్టే ఆక్సిన్ అనే హార్మోను కాడ వెంట దిగి, కోసిన చోట చేరి కొత్త వేళ్లు పుట్టిస్తుంది. శాస్త్రం పేరు తెలియకపోయినా చిగురు ఉంచి కోయాలని వాళ్లకు తెలుసు.

పుదీనాకు వారం పది రోజుల్లో తెల్లని వేళ్లొస్తాయి. తులసి, మనీప్లాంటు కూడా ఇలాగే నాటుకుంటాయి. గులాబీ కొమ్మకు మాత్రం మట్టే మేలు.

వేసవిలో 40 డిగ్రీలు దాటే మన ఎండకు సీసా పెడితే కాడ వడలిపోతుంది. వెలుతురున్న నీడ చాలు. రెండు మూడు రోజులకోసారి నీళ్లు మారిస్తే వేళ్లకు గాలి అందుతుంది, దోమలూ పెరగవు. వేళ్లు రెండంగుళాలైతే కుండీలోకి మార్చి, మొదటి వారం మట్టి తడి ఆరనివ్వకూడదు.

కడియం నర్సరీల్లో కొమ్మలు నాటే విద్యకూ ఈ సీసాకూ మూలం ఒకటే: కొమ్మలో దాగిన మొక్కను గుర్తించడం. ఈసారి పుదీనా కట్ట తెచ్చినప్పుడు నాలుగు కాడలు నీళ్లలో వేయండి, వేళ్లొచ్చాక ఒకటి పక్కింటికి ఇవ్వండి.