స్టూడ్‌బేకరు వంశచరిత్ర: కొన్ని విమర్శనాంశములు

వంశచరిత్రము వేఱు, వంశస్తుతి వేఱు. రాజవంశముల విషయమున శాసనపరిశోధకులు పాటించు నీ భేదము కమ్మరివాని వంశమునకును వర్తించునా యని కొందఱు శంకింపవచ్చును. అమెరికాలోని స్టూడ్‌బేకరు కుటుంబచరిత్రము ఆ శంకకుఁ దగిన సమాధానము.

ఈ వంశమువారు 1736 సెప్టెంబరు 1వ తేదిని ‘హార్లె’ యను నోడలో రాటర్‌డామునుండి ఫిలడెల్ఫియా చేరిరి. ఓడ బయలుదేరిన రేవును బట్టి వీరిని హాలండువారని తలంపరాదు. రైనునదీప్రాంతపు జర్మనులు పలువు రా రేవుననే యోడ యెక్కుచుండిరి. వీరి మూలస్థానము కత్తులపనికిఁ బేరొందిన జోలింగెను పట్టణప్రాంతము. 1727 మొదలు పెన్సిల్వేనియాకు వచ్చిన జర్మనులచే రాజభక్తిప్రమాణము చేయించి పేరులు వ్రాసికొనుచుండిరి. వ్రాయసకాండ్రు తమ చెవికి విననైనట్లు వ్రాయుటచే ఒక్క యింటిపేరే పలుతెఱఁగుల మాఱినది. స్ట్రాస్‌బర్గరు, హింకె యనువారు 1934లో మూఁడు సంపుటములుగాఁ బ్రకటించిన పట్టికలలో నొక సంపుటము సంతకముల ప్రతిబింబములకే కేటాయింపఁబడినది. తాళపత్రప్రతుల పాఠభేదములతోఁ బరిచయము గల మనకు దీని విలువ వేఱుగాఁ జెప్పనక్కఱలేదు. లేఖకుని పాఠమునకంటె స్వహస్తలిఖితమే ప్రబలప్రమాణము.

ఈ వంశమున జాన్ స్టూడ్‌బేకరు (1799–1877) కమ్మరి. ఆయన పెన్సిల్వేనియానుండి ఒహాయోలోని యాష్‌లండునకును, పిదప ఇండియానాకును వలస పోయెను. 1852లో ఆయన కుమారులు హెన్రీ, క్లెమెంటులు సౌత్‌బెండున 68 డాలర్లతోఁ గొలిమి పెట్టిరి. ఈ సంఖ్యను చరిత్రకారు లెల్లరును మఱవక చెప్పుదురు. అది సత్యమే కాని సంపూర్ణసత్యము గాదు. తండ్రి కొలిమికడ నేర్చిన విద్య యా లెక్కలోఁ జేరలేదు.

ఇంతకంటె ముఖ్యమైన యంశము హెన్రీ నిష్క్రమణము. ఈ కుటుంబము యుద్ధమును నిషేధించు డంకరు మతశాఖకుఁ జెందినది. 1857లో సైన్యమునకై బండ్లు చేయు పని వీరికి లభించెను. 1858లో కాలిఫోర్నియానుండి తిరిగివచ్చిన తమ్ముఁడు జాన్ మోలరు 8,000 డాలర్లతో హెన్రీ భాగమును గొనెను. మతనిష్ఠయే కారణమని తఱచుగాఁ జెప్పుదురు. ఒకదాని వెనుక నొకటి జరిగినంతమాత్రమునఁ గార్యకారణభావము సిద్ధింపదు. అయినను ఈ ప్రశ్నను దాఁటిపోయి, అంతర్యుద్ధకాలమునఁ బెరిగిన బండ్లవ్యాపారమునే కీర్తించుట చరిత్రకారునకుఁ దగదు. ధనార్జనమునకును ధర్మమునకును నడుమ నలిగిన యొక కుటుంబముయొక్క హృదయ మచ్చటనే యున్నది.

కడపట నొక మాట. ఆ యయిదుగురు సోదరుల తల్లి రెబెక్కా మోలరు. ఆమె పుట్టినింటిపేరు ఒక కుమారుని నామమధ్యమున మాత్రము నిలిచినది. సౌత్‌బెండులోఁ గార్ల తయారీ 1963లోను, కెనడాలో 1966లోను ఆఁగిపోయినది. కర్మాగారపు లెక్కలు ముగిసినవి. ఆ తల్లుల, కూఁతుండ్ర చరిత్రము మాత్ర మింకను సమగ్రముగా వ్రాయవలసియే యున్నది. వంశవృక్షమును బరిశీలించువారు కొమ్మలను మాత్రమేగాక వేళ్లనుగూడఁ జూడవలయును.