పులి స్వారీలో కర్త ఎవరు?

నేరం చేసిన సంపన్నులు తమ గురించి తాము రాసుకున్న రాతల్ని కూడా సాహిత్య విమర్శ చదవాలని నాకు చాలాకాలంగా అన్పిస్తోంది. మన దగ్గర అలాంటి వాటిలో ముఖ్యమైనది సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు 2009 జనవరి 7న తన బోర్డుకు రాసిన లేఖ. పుస్తకాల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనేలేవని అందులో ఒప్పుకున్నాడు. కార్పొరేట్ పాలన బాగున్నందుకు సత్యానికి గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చి అప్పటికి నాలుగు నెలలు కూడా కాలేదు.

డోర్నకల్‌లో మేం నలుగురైదుగురం ఆడవాళ్ళం కూర్చుని ఆ లేఖను తెలుగులోకి తెచ్చుకునే ప్రయత్నం చేశాం. మొదటి పేరాల్లోనే చిక్కొచ్చింది. లాభాల్లో చిన్న తేడాగా మొదలైందట, ఏళ్ళు గడిచేకొద్దీ పెరిగిందట, పూడ్చాలని చేసిన ప్రతి ప్రయత్నమూ విఫలమైందట. "మొదలైంది అని రాయాలా, మొదలుపెట్టాను అని రాయాలా?" అని ఒకామె అడిగింది. లేఖలో పనులన్నీ వాటంతటవే జరుగుతాయి. 'నేను' అనేవాడు భయపడ్డప్పుడూ, తమ్ముడూ తనూ ఒక్క రూపాయి తీసుకోలేదని చెప్పుకునేటప్పుడూ కనిపిస్తాడు. దిగితే తినేసే పులి మీద స్వారీ అన్న పోలిక అక్కడిదే. ఆ పోలికలో పులికి బలం ఉంది, మనిషికి లేదు.

ఒత్తిడి అబద్ధమని నేననను. ప్రమోటర్ల వాటా చిన్నది. ఫలితాలు తగ్గితే కంపెనీ చేజారుతుంది, చేజారితే తేడా బయటపడుతుంది. మూడునెలలకోసారి మార్కెట్‌కు లాభం చూపించి తీరాలి. 2008 డిసెంబరులో మేటాస్ కంపెనీలను కొనబోవడం, లేని ఆస్తుల స్థానంలో ఉన్న ఆస్తుల్ని పెట్టే చివరి ప్రయత్నమని లేఖే చెప్తోంది. ఆ కంపెనీలు నడిపింది కొడుకులు. పేరు కూడా సత్యాన్ని ఇంగ్లీషులో తిరగేసి రాసిందే. (ఇంత పచ్చి ప్రతీకను కథలో పెడితే ఏ సంపాదకురాలైనా కొట్టేస్తుంది.)

ఇక్కడ నాకు డొనాల్డ్ క్రెస్సీ పనికొచ్చాడు. నమ్మి అప్పగించిన సొమ్మును కాజేసి జైలుకెళ్ళిన వాళ్ళతో మాట్లాడి ఆయన 1953లో 'అదర్ పీపుల్స్ మనీ' రాశాడు. వాళ్ళ కథల్లో ఆయనకు దొరికిన మొదటి అంశం: ఎవరితోనూ పంచుకోలేని డబ్బు ఇబ్బంది. బాగానే ఉంది. కానీ పంచుకోకుండా ఉండగలిగే వీలు ఎవరికుంది? డ్వాక్రా సంఘంలో ఒకామె కిస్తీ కట్టలేకపోతే అది సంఘమంతా కూర్చుని మాట్లాడే విషయం. 2010లో మైక్రోఫైనాన్స్ ఏజెంట్లు వాకిట్లో కూర్చున్నప్పుడు వాడకంతటికీ తెలిసింది. ఆడదాని అప్పుకు గోడలుండవు. రహస్యంగా ఉంచుకోగలిగిన నష్టం కూడా ఒక ఆస్తే. దానికి ఇంట్లో పరువనీ, బజార్లో ప్రతిష్ఠ అనీ పేరు. క్రెస్సీ దీన్ని హోదాగా చూశాడు కానీ అది మగవాడి హోదా అన్నదాని మీద ఆగలేదు.

మా వైపు చిన్నగూడూరులో పుట్టిన దాశరథి రంగాచార్య 1969లో 'చిల్లర దేవుళ్ళు' రాశారు. దొర, కరణం, గడీ, వెట్టి అన్నీ ఉన్న నవల. దానిని దొరల దుర్మార్గం మీద పుస్తకంగానే చదువుతూ వచ్చాం. ఇప్పుడు వనజ దగ్గర ఆగాలన్పిస్తుంది. ఆమె ఆడబాప. పెళ్ళికూతురితోపాటు అత్తింటి గడీకి దాసీపిల్లల్ని పంపడం తెలంగాణ దొరల ఇళ్ళలో మర్యాద. పంపకపోతే పుట్టింటి పరువు తక్కువ. అంటే దొర మీదా ఒత్తిడి ఉంది! ఆ ఒత్తిడిని అతను తీర్చుకున్నది ఇంకో ఇంటి ఆడపిల్ల శరీరంతో. దొర లేఖ రాసి ఉంటే అందులోనూ ఆచారం నడిచింది, కాలం అలాంటిది అని ఉండేది. నవల బలం ఏమిటంటే వనజను ఆచారంగా కాక మనిషిగా నిలబెట్టడం. సత్యం లేఖలో యాభైమూడు వేలమంది ఉద్యోగులు ఒక అంకె.

2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేక కోర్టు రాజునీ, తమ్ముణ్ణీ, మరో ఎనిమిదిమందినీ దోషులన్నది. ఏడేళ్ళ శిక్ష. నెల తిరిగేసరికి పై కోర్టు శిక్షను నిలిపి బెయిలిచ్చింది.

ఈ చదువులో నాకు తెగని ముడి ఒకటుంది. 108 అంబులెన్సును 2005లో మొదలుపెట్టింది ఈ రామలింగరాజే. డోర్నకల్ చుట్టూ ఉన్న తండాల నుంచి నొప్పులతో ఆసుపత్రికి చేరిన ఆడవాళ్ళు ఎందరో అందులో వచ్చారు. ఈ వ్యాసం చదివి వినిపించినప్పుడు మాలో ఒకామె, "మా చెల్లె బిడ్డ ఆ బండిలనే పుట్టింది, మరి దాన్నేమని రాస్తవు?" అంది. ఆ వాక్యానికి కర్త ఉన్నాడు. దాన్నీ రాశాను.