నిలదీయని మరణం

నెవిల్ షూట్ 1957లో ప్రకటించిన ‘ఆన్ ది బీచ్’ నవల ఇతివృత్తం అసామాన్యమైనది. అణుయుద్ధంలో ఉత్తరార్ధగోళం నశించింది. గాలి మోసుకొచ్చే విషధూళి నానాటికీ మెల్‌బోర్న్‌ను సమీపిస్తున్నది. మరి అక్కడి ప్రజలు చేసేదేమిటి? తోటలు వేస్తారు, కారు పందేలు ఆడతారు, చివరకు ప్రాణం తీసే మాత్రలు మింగుతారు. దుఃఖించేవారున్నారు, నిలదీసేవారు లేరు. భయాన్ని మరిచేందుకు మనిషి నిత్యకృత్యాలను ఆశ్రయించడం సహజమే. కాని నగరమంతా అంతేనా?

ముగింపులో పీటర్ తన భార్యతో, పత్రికల ద్వారా ప్రజలకు తెలియజెప్పి ఉంటే ఈ వినాశం ఆగేదేమోనంటాడు. నవల ఆరంభం కావలసిన చోటది! రచయిత అక్కడ తప్పుకున్నాడు. చెప్పవలసిన నిజం దూరాన లేదు: 1956, 57లలో బ్రిటన్ అణుబాంబులను పరీక్షించింది ఆస్ట్రేలియాలోని మారలింగలోనే, ఆదివాసుల నేలమీదనే. చావును విధిగా చిత్రించే రచన జాలి పుట్టిస్తుంది. చావుకు కారకులెవరో చూపే రచనే మనిషిని కదిలిస్తుంది.