బాలకథలలో డౌన్ సిండ్రోముగల తోబుట్టువు: పాత్రచిత్రణవిమర్శ

తోబుట్టువుల యనురాగము కావ్యవస్తు వగుట నూతనము గాదు. రామాయణమునకు సౌభ్రాత్రమే ప్రాణమని చెప్పినను దప్పులేదు. కాని యందు సోదరులు మాటకు మాట, చేతకు చేత యీయగలవారు. తోబుట్టువులలో నొకరు మెల్లగా నేర్చువారును, లోకముచే వింతగా జూడబడువారును అయినప్పుడు రెండవవారి హృదయమున ప్రేమతోపాటు విసువు, సిగ్గు, భయము గూడ బుట్టును. వీనిని బాలురకు దెలియునట్లు వర్ణించుట కఠినకార్యము. అమెరికాదేశమున వెలువడిన మూడు బాలకథ లిందు పరిశీలింపబడుచున్నవి.

డౌన్ సిండ్రోము అంటురోగము గాదు. పుట్టుకతో వచ్చు స్థితి. ఆంగ్లవైద్యుడగు జాన్ లాంగ్డన్ డౌన్ 1866లో దీని లక్షణములను వర్ణించెను. సామాన్యముగా రెండు ఉండవలసిన 21వ క్రోమోజోములు మూడుండుటయే దీనికి హేతువని 1959లో ఫ్రాన్సుదేశపు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. తల్లిదండ్రుల దోషము గాని పూర్వజన్మపాపము గాని యిందు లేదు. కావున దీనిని శాపముగనో శిక్షగనో చూపు కథ వస్తుతత్త్వమునకే విరుద్ధము.

భావమునకు నిలయమగు పాత్రను ఆశ్రయమనియు, ఆ భావము ఎవరిని గూర్చి పుట్టునో వారిని ఆలంబనమనియు ఆలంకారికు లందురు. దుష్యంతుని రతికి శకుంతల యాలంబనము. కాళిదాసు ఆమెను గూడ ఆశ్రయముగా జేసెను గనుకనే ఆ నాటకము పండినది. ఇట్టి బాలకథలలో తఱచుగా అక్క యొక్కతయే ఆశ్రయము. ఆమె సిగ్గుపడును, ఏడ్చును, పశ్చాత్తాపపడును, తుదకు మంచిదగును. తమ్ముడో, ఆమెను మంచిదానిని జేయుటకు వచ్చిన పనిముట్టుగా మిగిలిపోవును. అతని కోరిక యేదో, కోప మేదో పాఠకు డెఱుగడు. ఈ లోపమును ఎంతవఱకు దాటినదో యనుటయే యిట్టి కథకు గీటురాయి.

బెట్సీ బయర్స్ రచించిన ‘ది సమ్మర్ ఆఫ్ ది స్వాన్స్’ 1970లో వెలువడి, 1971లో న్యూబెరీ పతకము నొందెను. ఇందలి చార్లీకి డౌన్ సిండ్రోము లేదు. మూడేండ్ల ప్రాయమున సోకిన వ్యాధివలన అతని బుద్ధి మందగించినది, మాట పోయినది. అయినను అక్కతమ్ముల సంబంధచిత్రణమున నీ నవల యీ కోవకు జెందినదే. పదునాలుగేండ్ల సారాకు తన రూపముపై అసంతృప్తి, అందఱిపై చిరాకు. చెఱువులో హంసలను జూచిన చార్లీ అచ్చటినుండి రానని మొరాయించును. ఆమె కోపించి యింటికి దెచ్చును. ఆ రాత్రి హంసలకై యొంటరిగా బయలుదేరి అతడు అడవిలో దారి తప్పును. వెదకుచున్న సారాకు తన చిన్నచిన్న దుఃఖముల కొలత తెలిసివచ్చును.

ఇంతమాత్రమే యైనచో నిది నీతికథ. కాని రచయిత్రి కొన్ని ప్రకరణములను చార్లీ వైపునుండి నడిపినది. చేతి గడియారపు టిక్కుటిక్కుమను చప్పుడు అతనికెట్లు ధైర్య మిచ్చునో, తెలియని చోట అతని భయమెట్లు పెరుగునో పాఠకు డతని వెంట నుండి యనుభవించును. అతడు తప్పిపోయినది బుద్ధిహీనతవలన మాత్రమే గాదు. హంసలను మఱల జూడవలెనను కోరికవలన. మాటలేని పాత్రను ఆశ్రయముగా నిలిపిన యీ ప్రకరణములే నవలకు ప్రాణము.

స్టెఫనీ స్టూవ్-బోడీన్ రచించిన ‘వుయిల్ పెయింట్ ది ఆక్టోపస్ రెడ్’ (1998) చిన్నపిల్లల బొమ్మలకథ. పుట్టబోవు బిడ్డతో తాను చేయదలచిన పనులను ఎమ్మా తండ్రితో లెక్కించుకొనును. ఐజాక్ జన్మించిన పిదప అతనికి డౌన్ సిండ్రోమని తండ్రి దుఃఖముతో దెలుపును. ఆమె యా పనులనే ఒక్కొక్కటిగా నడుగును. ఓర్పు, సాయము ఉన్నచో నతడు చేయలేనిది వానిలో నొకటియు లేదని తేలును. ఓదార్చవలసిన తండ్రి యోదార్పబడుట కడు రమ్యము. అయినను ఇచ్చట ఐజాక్ ఆలంబనమే. ఎమ్మా ప్రేమించినది తన యూహలోని తమ్ముని.

ఈ కొఱతను రచయిత్రియే 2005 నాటి ‘ది బెస్ట్ వర్స్ట్ బ్రదర్’లో దీర్చినది. ఐజాక్ పెరిగినాడు. అక్క సంజ్ఞాభాష నేర్పబూనగా అతడు వెంటనే నేర్వడు. ఆమె విసుగును. తొలికథలో తేలికగా బలుకబడిన ‘ఓర్పు’ అను మాటకు చెల్లింపవలసిన వెల యిచ్చట దెలియును. ఎదురు తిరుగగల తమ్ముడు స్వతంత్రపాత్ర యగును. కావున కళాదృష్టిచే రెండవకథయే మేలు.

అక్క విసువును బాలురకు జూపరాదని కొంద ఱనవచ్చును. కాని యట్టి యింట బెరుగు బాలిక ఆ విసువును ముందే యెఱుగును. పుస్తకము దానిని దాచినచో, లోకమున దా నొక్కతయే పాపాత్మురాలనని యామె కుములును. విసువును జూపి, దానిక్రింద చెక్కుచెదరని ప్రేమను గూడ జూపుటయే సత్యము.

ఈ మూడింటను తోబుట్టువు చిన్నవాడే. తెలుగింట పెద్దవాడు ‘అన్న’. చెల్లెలు చేయిపట్టి నడిపించినను, చదువున మించినను అతడు అన్నయే; ఆ పిలుపు మాఱదు. మించిపోయిన చెల్లెలి నోట ‘అన్నా’ యను మాట యెట్లు పలుకునో, అది విన్న యన్న మనసున నేమి మెదలునో చూపగల కథ తెలుగున వ్రాయదగినది. అందు అన్నకు గూడ ఆశ్రయస్థానము దక్కవలెను.