పెండ్లి తాంబూలానికి చేతి సంచి

సామల్పట్టి చుట్టుపక్కల పెండ్లికి పోయినవాళ్లు భోజనం ముగించి, మొయ్యి (చదివింపులు) రాయించి, బయటికి వచ్చేటప్పుడు వాకిలి దగ్గర ఇంకొకసారి ఆగుతారు. అక్కడ బల్ల మీద తాంబూలం సంచులు వరసగా పేర్చి ఉంటాయి. పెండ్లివారి తరఫున మేనత్తో పెద్దమ్మో నిలబడి ఒక్కొక్కరి చేతికీ సంచి అందిస్తుంది. తెలుగు, తమిళం, కన్నడం కలిసి బతికే ఈ కృష్ణగిరి సీమలో ఇంటి మాట ఏదైనా ఈ మర్యాద మాత్రం అందరిదీ. తాంబూలం తీసుకోకుండా చుట్టం వెళ్లిపోతే ఆ మాట ఏళ్ల తరబడి నిలుస్తుంది.

ఇంత ముఖ్యమైన సంచిని మనం ఇప్పుడు అన్నిటికన్నా చివర తలుచుకుంటున్నాం. పెండ్లి పత్రిక ఎంపికకు వారాలు పడుతుంది. సంచులు మాత్రం ముహూర్తానికి నాలుగు రోజుల ముందు, ఎక్కడ చవకగా దొరికితే అక్కడ, మూటలుగా వస్తాయి. పెండ్లి రోజుతో పత్రిక పని తీరిపోతుంది. సంచి పని ఆ రోజే మొదలవుతుంది. చుట్టం ఇంటికి చేరాక అది కూరగాయలకు, సంతకు, బడి పుస్తకాలకు పనికొస్తేనే ఇచ్చినవాళ్ల పేరు ఆ ఇంట్లో నిలుస్తుంది. అందుకే తాంబూలం సంచిని చేతితో, తెలిసి, తీరుగా చేయించే పద్ధతి మళ్లీ మన పెండ్లిళ్లలోకి రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

లోపలి వస్తువు చెప్పే కొలత

తాంబూలంలో ఏమేమి ఉంటాయో చూస్తే సంచి ఎలా ఉండాలో తెలిసిపోతుంది. తమలపాకులు, వక్కలు, పసుపు కొమ్ము, కుంకుమ, అరటిపండు, టెంకాయ. కొన్ని ఇండ్లలో రవిక గుడ్డో చిన్న స్టీలు గిన్నో కూడా పెడతారు. వీటిలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క తత్వం ఉంది. టెంకాయకు బరువు ఉంది కాబట్టి సంచి అడుగూ పట్టీలూ గట్టిగా ఉండాలి. తమలపాకుకు తడి కావాలి, గాలీ కావాలి. ప్లాస్టిక్ కవర్లో బిగిస్తే లోపల ఆవిరి పట్టి, నీరు కారి, ఆకు నల్లబడి కుళ్లుతుంది. కుంకుమ పొడి కాబట్టి సందు దొరికితే చాలు, బయటికి వచ్చి రవిక గుడ్డను పాడుచేస్తుంది.

అందుకే మంచి తాంబూలంలో మూడు పొరలు ఉంటాయి. బరువు మోయడానికి బయట గుడ్డ సంచి, ఆకును కాపాడడానికి లోపల ఇంకొక ఆకు, పొడిని పట్టి ఉంచడానికి పొట్లమో భరిణో. ఈ మూడింటినీ చేతితో చేసే విద్య మన దగ్గర ఉంది.

గుడ్డ సంచి: కోతలోనే పొదుపు

తాంబూలం సంచికి కోరా నూలు గుడ్డ మేలు. చలువ చేయని గుడ్డ కాబట్టి ధర తక్కువ, బలం ఎక్కువ. అయితే కొత్త కోరాలో గంజి ఉంటుంది, ఉతికితే ముడుచుకుంటుంది. కోయడానికి ముందే ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, పిండి, ఆరబెట్టి, ఇస్త్రీ చేయాలి. ఈ పని మానేస్తే మొదటి ఉతుకులోనే సంచి వంకరపోతుంది.

10 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తు ఉన్న సంచిని లెక్క వేద్దాం. అడుగున కుట్టు లేకుండా ఒకే ముక్కను మడిచి కుడితే సంచి గట్టిగా ఉంటుంది. పక్క కుట్లకు అటు అరంగుళం, ఇటు అరంగుళం కలిపితే ముక్క వెడల్పు 11 అంగుళాలు. పొడవు 24 అంగుళాలు, పై అంచులు మడవడానికి ఒక్కో వైపు ఒకటిన్నర కలిపితే 27. నానబెట్టి ఆరబెట్టాక 44 అంగుళాల పన్నా మిగిలే గుడ్డలో ఇలాంటి ముక్కలు అడ్డంగా సరిగ్గా నాలుగు వస్తాయి. పట్టీ ఒక్కొక్కటి 3 అంగుళాల వెడల్పు, 14 అంగుళాల పొడవు. అదే పన్నాలో పట్టీలు వరసకు 14 వస్తాయి.

ఇక్కడే దర్జీ తెలివి కనిపిస్తుంది. నాలుగు సంచులకు నాలుగు ముక్కలు, వాటికి కావలసిన ఎనిమిది పట్టీలు అనుకుంటూ విడివిడిగా కోస్తే ప్రతిసారీ ఆరు పట్టీల గుడ్డ మిగిలిపోతుంది. 500 సంచులకు ఆ లెక్కన 130 మీటర్లు కావాలి. అన్ని సంచుల ముక్కలూ ఒకచోట, అన్ని పట్టీలూ ఇంకొకచోట కోస్తే 111 మీటర్ల పైచిలుకు సరిపోతుంది. యంత్రం మీద కూర్చోకముందే 19 మీటర్ల దాకా గుడ్డ మిగిలింది. ఆ గుడ్డతో ఇంకా 80 సంచులు కుట్టొచ్చు.

కుట్టడంలో మూడు చోట్ల శ్రద్ధ కావాలి. మొదటిది పక్క కుట్టు. మామూలుగా ఒక్క కుట్టు వేసి వదిలేస్తే లోపల పోగులు ఊడి వస్తాయి. ముందు గుడ్డ మంచి వైపు బయట ఉండేలా సన్నగా ఒక కుట్టు వేసి, అంచు కత్తిరించి, లోపలికి తిప్పి మళ్లీ ఇంకొక కుట్టు వేస్తే పోగులు ఆ మడతలోనే చిక్కుకుంటాయి. అరంగుళం ఈ రెండు కుట్లకూ సరిపోతుంది. రెండోది అడుగు. లోపలి నుంచి ఒక్కో మూలను త్రికోణంగా లాగి, కొన నుంచి ఒకటిన్నర అంగుళం దగ్గర అడ్డంగా కుడితే సంచికి మూడంగుళాల వెడల్పున చదునైన అడుగు వస్తుంది. టెంకాయ అక్కడ కుదురుకుంటుంది, సంచి బల్ల మీద నిలబడుతుంది. మూడోది పట్టీ అతుకు. పట్టీ రెండు అంచులనూ లోపలికి మడిచి, మళ్లీ సగానికి మడిచి కుడితే ముప్పావు అంగుళం వెడల్పున నాలుగు పొరలు అవుతాయి. దాని కొనను పై అంచు మడతలోకి దూర్చి చదరంగా కుట్టి, ఆ చదరంలో మూల నుంచి మూలకు గుణకారం గుర్తులా రెండు గీతలు కుట్టాలి. తెగే సంచులు ఎప్పుడూ ఇక్కడే తెగుతాయి. ఈ రెండు గీతలు వేసిన సంచి టెంకాయనే కాదు, అయిదు కిలోల బియ్యాన్ని కూడా మోస్తుంది.

పసుపు రంగు నిలవాలంటే

తమిళనాట తాంబూలం సంచి అంటే పసుపు రంగే గుర్తొస్తుంది. రంగు మంగళకరమే కానీ వంటింటి పసుపుతో అద్దితే అది నిలవదు. పసుపు నూలుకు సులభంగా పడుతుంది, ఎండకు అంతే సులభంగా వెలిసిపోతుంది. సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. దిష్టి తీసే ఎర్రనీళ్లలో పసుపు, సున్నం కలిస్తే జరిగేది కూడా ఇదే.

చెట్ల రంగే కావాలనుకునేవాళ్లకు మంచి దారి ఉంది. మోతుకు పూలు నారింజ కలిసిన పసుపు రంగునిస్తాయి. దానిమ్మ తొక్క మట్టి కలిసిన పసుపునిస్తుంది. నూలు గుడ్డకు రంగు అతుక్కోవాలంటే ముందు కరక్కాయ నీళ్లలో, తరువాత పటిక నీళ్లలో ముంచి ఆరబెట్టాలి. కరక్కాయలోని వగరు పటికను పట్టుకుంటుంది, పటిక రంగును పట్టుకుంటుంది. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి కానీ కలం పట్టరు. మోతుకు పూసేది మాఘ ఫాల్గుణాల్లో. పూలు అప్పుడే ఏరి నీడన ఎండబెట్టి పెట్టుకుంటే వైశాఖం పెండ్లిళ్లకు ఉడకబెట్టుకోవచ్చు.

సంచి మీద అచ్చు విషయంలో ఒక మాట. పెండ్లికొడుకు, పెండ్లికూతురు పెద్ద ఫోటో వేసిన సంచిలో ఉల్లిగడ్డలు తేవడానికి ఎవరికీ చేతులు రావు. అది బీరువా అడుగుకు చేరుతుంది. పేర్లూ తేదీ ఒక మూల చిన్నగా వేసి, మిగతా చోట చెక్క అచ్చుతో మామిడి పిందె, తమలపాకు లాంటి గుర్తు వేస్తే చూపుకు అందం, వాడుకకు అనుకూలం. మామిడికి పేరు మోసిన జిల్లాలో మామిడి పిందె అచ్చు కన్నా తగిన గుర్తు ఏముంటుంది?

ఆకు, పొట్లం, భరిణె

తమలపాకుల కట్టను సంచిలో ఊరికే పడేయకుండా, అరటాకు ముక్కలోనో మోతుకాకులోనో చుట్టి అరటి నారతో కట్టాలి. పూలమ్మేవాళ్లు మల్లెపూలకు చేసేది ఇదే. అరటాకును మంట మీద ఒక్కసారి ఆడిస్తే మెత్తబడి, మడిచినా చిరగదు. నారను నీళ్లలో నానబెట్టి వాడితే ముడి జారదు.

కుంకుమకు జిగురు లేని పొట్లం చాలు. ఆరంగుళాల పొడవు, నాలుగంగుళాల వెడల్పు ఉన్న కాగితం మధ్యలో కుంకుమ పోయాలి. రెండు పొడవాటి అంచులనూ కలిపి సన్నగా రెండుసార్లు మడవాలి. రెండు కొనలనూ వెనక్కి తిప్పి, ఒక కొనను ఇంకొక కొన మడతలోకి దూర్చాలి. పిన్ను లేదు, టేపు లేదు, పొడి రాలదు. దీనికి పాత వార్తాపత్రికలు మాత్రం వద్దు. అచ్చు సిరా వస్తువుకు అంటుతుంది. తినే పదార్థాలను వార్తాపత్రికల్లో చుట్టడాన్ని 2018 నాటి ఆహార భద్రత ప్యాకేజింగ్ నిబంధనలు నిషేధించాయి కూడా. వక్క, కలకండ, మిఠాయి దేనికైనా తెల్ల కాగితమే వాడాలి.

ఇంకొంచెం ఖర్చు పెట్టగలిగినవాళ్లకు లక్క భరిణె ఉంది. ఆంధ్రలో ఏటికొప్పాక, హోసూరు అవతల కర్ణాటకలో చన్నపట్న దీనికి పేరు పొందిన ఊళ్లు. తరిణె మీద తిరుగుతున్న కర్రకు రంగు లక్క కడ్డీని ఆనిస్తే, ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో నొక్కితే మెరుపు వస్తుంది. భరిణె పెట్టె కూడా అవుతుంది, కానుక కూడా అవుతుంది.

మిఠాయి పెట్టడానికి తాటాకు పెట్టె ఉంది. తాటి తమిళనాడు రాష్ట్ర వృక్షం. తూత్తుకుడి జిల్లా మణపాడు తాటాకు అల్లికకు పేరు పొందింది. విచ్చుకోని లేత మట్టను కోసి, ఎండబెట్టి, ఈనె తీసి, ఒకే వెడల్పున చీల్చి, అల్లేముందు తడిపి వాడతారు. పొడి ఆకు విరుగుతుంది, మరీ తడి ఆకు ఆరాక ముడుచుకుని అల్లిక వదులవుతుంది. మూతను అడుగు కన్నా వెంట్రుకవాసి పెద్దగా అల్లడమే ఇందులో అసలు నేర్పు.

గుడ్డా, గుడ్డలా కనిపించేదా?

తమిళనాడు ప్రభుత్వం 2019 జనవరి 1 నుంచి ఒకసారి వాడి పారేసే 14 రకాల ప్లాస్టిక్ వస్తువులను నిషేధించింది. 2021 డిసెంబరు 23న ‘మీండుమ్ మంజప్పై’ పేరుతో పసుపు సంచిని మళ్లీ వాడుకలోకి తెచ్చే ఉద్యమం మొదలుపెట్టింది. అయినా పెండ్లి పందిళ్లలో గుడ్డ సంచులుగా చలామణీ అవుతున్నవాటిలో ఎన్నో గుడ్డవి కావు. అవి నేయకుండా, ప్లాస్టిక్ పోగులను వేడితో అతికించి చేసినవి. తమిళనాడు నిషేధంలో ఇవి కూడా ఉన్నాయి.

వీటిని గుర్తుపట్టడం కష్టం కాదు. వెలుతురుకు పట్టి చూస్తే నూలు గుడ్డలో నిలువు పోగు, అడ్డపోగు కనిపిస్తాయి. ప్లాస్టిక్ దానిలో సన్న చుక్కల అచ్చు తప్ప నేత ఉండదు. ఇంకా అనుమానం ఉంటే చిన్న ముక్క కత్తిరించి, పట్టకారుతో పట్టుకుని అంటించి చూడండి. నూలు కాగితంలా కాలి, కాలిన కాగితం వాసన వేసి బూడిద అవుతుంది. ప్లాస్టిక్ కరిగి, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది. సంచులకు డబ్బు చెల్లించేముందు ఈ పరీక్ష తప్పక చేయాలి.

పని ఎవరికి దక్కుతుంది?

చేతి సంచి విలువలో పెద్ద భాగం దాన్ని కుట్టే చేతులది. 500 సంచులంటే ఒక ఊరిలో నలుగురైదుగురు ఆడవాళ్లకు ఇంటి పట్టున పని. ఒకరు కోత, ఒకరు పట్టీలు, ఒకరు పక్క కుట్లు, ఒకరు అచ్చు అని పంచుకుంటే చేయి తిరుగుతుంది, తప్పులు తగ్గుతాయి. ఇలాంటి ఉమ్మడి పనికి ఈ నేల కొత్త కాదు. తమిళనాడులో మహిళా స్వయం సహాయక సంఘాల ఉద్యమం 1989లో అంతర్జాతీయ వ్యవసాయాభివృద్ధి నిధి సాయంతో మొదలైంది ధర్మపురి జిల్లాలోనే. 2004లో విడిపోయేదాకా కృష్ణగిరి ఆ జిల్లాలో భాగం. సంఘం కట్టడం, పొదుపు చేయడం, అప్పు తీసుకుని పని పెట్టుకోవడం ఇక్కడి ఆడవాళ్లకు బాగా తెలుసు. వాళ్లకు కావలసింది ముందుగా అందే ఆర్డరు, సరైన కూలి.

చేతి సంచికి ధర కొంచెం ఎక్కువే అవుతుంది. దానికి మందు కూడా పెండ్లివారి చేతుల్లోనే ఉంది. తాంబూలంలో పెట్టే ప్లాస్టిక్ బొమ్మ, మెరుపు కాగితం, రిబ్బను తీసేస్తే ఆ డబ్బు సంచికి వస్తుంది. చుట్టాలకు ఆ బొమ్మ కన్నా సంచే ఎక్కువ కాలం పనికొస్తుంది.

మాఘంలోనో వైశాఖంలోనో ఇంట్లో పెండ్లి అనుకున్నవాళ్లకు నా మనవి ఇది. ముహూర్తం కుదిరిన వారంలోనే, పత్రికల కన్నా ముందే, మీ ఊరి దర్జీ దగ్గరికో మహిళా సంఘం దగ్గరికో వెళ్లండి. గుడ్డ మీరే కొని ఇవ్వండి. ముందు ఒక్క సంచి కుట్టించి, అందులో టెంకాయ వేసి, మీ చేతికి తగిలించుకుని నాలుగు వీధులు నడవండి. అది నిలబడితే మిగతావి కుట్టమనండి. ఉతికి మళ్లీ వాడుకోగల సంచే తాంబూలానికి తగినది. చుట్టం చేతిలో పెట్టాల్సింది అదే.