కష్టమైన లెక్కే ఇద్దాం

"నాకు లెక్కలు రావు సార్." పదో తరగతిలో ఈ మాట వింటే చాలామంది మాస్టార్లకు జాలేస్తుంది. నాకు అందులో తెలివే కనిపిస్తుంది. చేసి తప్పితే బుర్ర లేదంటారు, చేయకుండా తప్పితే శ్రద్ధ లేదంటారు. రెండోదే నయం కదా!

మనమేం చేస్తాం? అలాంటి వాళ్లందరినీ విడిగా కూర్చోబెట్టి, ఇంపార్టెంట్ ప్రశ్నలు బట్టీ పట్టించి, 35 వస్తే చాలంటాం. రావని వాళ్లన్నారు, అవునని మనం సంతకం పెట్టాం.

1970ల్లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో యూరీ ట్రైస్‌మన్ అనే గణితవేత్త ఈ పద్ధతిని తిరగేశాడు. అక్కడ నల్లజాతి విద్యార్థులు కలన గణితంలో ఎక్కువగా తప్పేవారు. ఆసక్తి లేదనీ ఇంటి పరిస్థితులనీ అధ్యాపకులు అనుకునేవారు. ఆయన పిల్లల వెంట ఉండి చూస్తే తేలింది వేరు. వాళ్లు కష్టపడుతున్నారు, కానీ ఎవరికి వారే. చైనా మూలాలున్న పిల్లలు మాత్రం కలిసి కూర్చుని, ఒకరి జవాబు ఒకరు దిద్దుకుంటున్నారు. ఆయన పెట్టిన వర్క్‌షాపుల్లో సులువు లెక్కలివ్వలేదు. కష్టమైనవే ఇచ్చి, గుంపుగా చేయించాడు. మార్కులు మారాయి.

నా క్లాసులోనూ అదే దారి. త్రికోణమితి వచ్చినప్పుడు నేను పిల్లల్ని బడి వెనక వాటర్ ట్యాంకు దగ్గరికి తోలుకెళ్తాను. ప్రొట్రాక్టరుకు ఒక స్ట్రా, దారం, దానికో నట్టు. స్ట్రాలోంచి ఒకరు చూడాలి, కోణం ఒకరు చదవాలి, టేపు ఇద్దరు పట్టాలి. 45 డిగ్రీలు వచ్చేదాకా జరిగి, ట్యాంకు దాకా దూరం కొలిచి, అదే ఎత్తని రాసేస్తారు. ఓసారి రెండు గుంపుల జవాబులకు పొంతన కుదరక పెద్ద గొడవైంది. నోరు విప్పింది ఎప్పుడూ చివరి బెంచీలో కూర్చునేవాడు: "నేను గొంతుక్కూర్చుని చూశాను సార్, వాడు నిలబడి చూశాడు. కంటి ఎత్తు కలపొద్దా?"

గుంపు కట్టగానే అంతా అయిపోదు. క్లాసు ఫస్టు పిల్లే చేసేస్తే మిగతావాళ్లు కబుర్లాడతారు. అందుకే బోర్డు దగ్గర చెప్పేదెవరో చీటీ తీస్తాను. "మా అమ్మాయి టైం వేస్టవుతోంది" అని ఒక తండ్రి వచ్చాడు. ఆ వారం చీటీ ఆ అమ్మాయికే వచ్చింది. దారం చూపిన కోణాన్ని 90లోంచి ఎందుకు తీశావమ్మా అంటే, "గైడులో అలాగే ఉంది సార్" అంది.