ఫిబ్రవరిలో చేయవలసిన ఫోన్లు

విజయవాడ, హైదరాబాద్ వంటి నగరాల్లో ఏసీ మరమ్మతు మీద ఆధారపడిన చిన్న దుకాణాలకు ఎండాకాలమంతా ఫోన్ ఎత్తే తీరిక దొరకదు గాని, వానలు పడిన కొద్ది వారాలకే పనివారికి జీతాలెలా సర్దాలన్న దిగులు మొదలవుతుంది. ఈ ఎగుడుదిగుళ్లను తట్టుకోవడానికి చాలామంది 'లీడ్లు' కొంటారు. అంటే, సేవ కావాలని ఆరా తీసిన వ్యక్తి పేరు, నంబరు రుసుము చెల్లించి పొందుతారు. 1996లో మొదలైన జస్ట్‌డయల్, 2014లో అర్బన్‌క్లాప్‌గా పుట్టి 2020లో పేరు మార్చుకున్న అర్బన్ కంపెనీ గిరాకీ వెతుక్కునే తీరునే మార్చిన మాట నిజం. అయితే ఒకే విచారణ నలుగురైదుగురికి అందే చోట రేటు తగ్గించినవారికే పని దక్కుతుంది. ఆ తగ్గింపును పూడ్చుకోవడానికి అవసరం లేని గ్యాస్ నింపడం దాకా వ్యవహారం వెళ్తుంది.

నిలకడైన గిరాకీ పుట్టేది సరిగ్గా ఆ గ్యాస్ దగ్గరే. శీతలీకరణ వాయువు మూసి ఉన్న రాగి గొట్టాల్లో తిరుగుతూ ఉంటుందే తప్ప వాడకంతో తరిగేది కాదు కనుక, అది తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. గొట్టాల్లోకి నైట్రోజన్ ఎక్కించి, జాయింట్ల మీద సబ్బు నురగ రాసి, బుడగ లేచిన చోటును ఇంటివారికి వేలితో చూపించి, లీకు సరిచేసిన తర్వాతే గ్యాస్ నింపే మెకానిక్కు ఆలస్యం చేస్తున్నట్టు కనిపించవచ్చు. కాని పక్క ఫ్లాటు నుంచి వచ్చే పిలుపు ఆ బుడగ వల్లే వస్తుంది.

ఆ పిలుపులను ఏడాది పొడవునా సర్దగలిగేది రిజిస్టరు. ఇంటి చిరునామా, యంత్రం టన్నేజీ, అందులోని వాయువు ఆర్-22యా ఆర్-32యా అన్న వివరం, కెపాసిటర్ మార్చిన తేదీ, డ్రెయిన్ పైపు వాలు సరిచేసిన సంగతి నమోదై ఉంటే, ఫిబ్రవరిలోనే ఒక్కొక్కరికీ ఫోన్ చేసి సర్వీసింగ్‌ను ఏప్రిల్ రద్దీకి ముందే ముగించవచ్చు; ఏఎంసీ, అంటే ఏడాదికి ఇన్నిసార్లు వచ్చి చూస్తామన్న నిర్వహణ ఒప్పందం, కుదిరిన ఇళ్లలో రెండో విడత శుభ్రతను వానాకాలానికి కేటాయించవచ్చు. గీజర్ల పని కూడా తెలిసిన దుకాణమైతే అదే పుస్తకం కార్తీకంలో మళ్లీ అక్కరకొస్తుంది. గూగుల్ మ్యాప్స్‌లో చిరునామా, పనివేళలు సరిగా ఉంచుకోవడం కూడా తప్పనిసరే గాని, అది ఒక పూటలో తేలే పని.

కష్టమైనది రిజిస్టరును నిలబెట్టుకోవడం. ఇళ్ల నంబర్లన్నీ పనికి వెళ్లే మనిషి సొంత ఫోన్లోనే ఉండిపోతే, అతడు వేరే కుంపటి పెట్టుకున్ననాడు గిరాకీ అంతా అతడి వెంటే వెళ్తుంది. నమ్మకం గడించినవాడు అతడే గనుక అందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. అందుచేత సర్వీసు ముగిసిన ప్రతి ఇంటి వివరమూ ఆ సాయంత్రమే దుకాణం పుస్తకంలోకి ఎక్కాలి, ఏసీ పక్కన అంటించే స్టిక్కరు మీద దుకాణం నంబరే ఉండాలి, అలా తిరిగి వచ్చిన గిరాకీలో ఆ పనివాడికి వాటా కూడా దక్కాలి.